ఇసుకలో మోగుతున్న సొరచేప

సొరచేపల బారి నుంచి మనిషిని కాపాడాలంటే మనిషిని సముద్రంలోకి దిగనివ్వకూడదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టలేదంటే, ఇంతకుముందు మమ్మల్ని ఏలినవాళ్లకి బుర్ర ఉండేదా అని నా అనుమానం!

ఆస్ట్రేలియాలో పెర్త్‌కి దక్షిణాన, మా కార్విన్ బేలో జరిగిన ఏర్పాటు చూసి తీరాలి. అధికారులు సొరచేపను పట్టి, ఒంటికి కూతలు పెట్టే ట్యాగ్ తగిలించి, ఇకనైనా బుద్ధిగా బతకమని దూరంగా వదిలేస్తారు. అది మళ్లీ ఒడ్డు వైపు వస్తే నీళ్లలో తేలే పసుపు డబ్బా ఆ కూత పసిగడుతుంది. సైరన్ మోగుతుంది, బీచ్ మూసేస్తారు. మరి ట్యాగ్ లేని సొరచేప వస్తే? రాదు. రికార్డుల్లో లేని జీవి ఎలా వస్తుందండీ?

ఈ వేసవిలో మొదలైన సైరన్ ఎంతకీ ఆగలేదు. ఎంత నిలకడైన సొరచేప! తిండీ నిద్రా మానేసి డబ్బా కిందే కాపురం పెట్టింది. మేమంతా దానికి కెవిన్ అని పేరు పెట్టుకున్నాం. బేకరీలో కెవిన్ ఆకారంలో మాంసం కూరిన రొట్టె చేసి అమ్మారు. రెక్క కాస్త మాడింది గానీ రుచికి లోటు లేదు.

చివరికి పడవ మీంచి కెమెరా దింపి చూస్తే కెవిన్ లేడు. ఊడిపోయిన ట్యాగ్ ఒకటి ఇసుకలో పడి కూతలు పెడుతోంది.

తీసేయొచ్చుగా అంటారు. మీకు పరిపాలన తెలియదు. ట్యాగ్ తీయాలంటే ఎవరో ఒకరు నీళ్లలో దిగాలి. సైరన్ మోగుతుండగా ఎవరూ దిగకూడదు. ట్యాగ్ తీసేదాకా సైరన్ ఆగదు. ఇంత పకడ్బందీ రక్షణ రాజులకైనా ఉంటుందా?

మా పక్కింటి నోరీన్ ట్రస్‌కాట్‌కి మాత్రం ఇది మింగుడుపడలేదు. డెబ్బై దాటిన మనిషి, తుంటి ఆపరేషన్ అయింది. నేల మీద కర్ర లేనిదే అడుగు పడదు, నీళ్లలో ఎవరి సాయమూ అక్కర్లేదు. పొద్దుటి ఈతే ఆమెకి ప్రాణం. వెళ్లి లైఫ్‌గార్డ్ షోనాని నిలదీసింది.

"ఏమే షోనా, లేని చేపకి భయపడి ఎన్నాళ్లు కూర్చోమంటావే?"

"నా చేతుల్లో ఏముంది నోరీన్ గారూ? అది మోగితే ఎర్రజెండా ఎత్తాల్సిందే. ఇక్కడ ఈగలు తోలుకోవడం నాకేమన్నా సరదానా?"

"నన్ను కొరికితే దాని పళ్లే ఊడతాయే. లోపలున్నది స్టీలు."

షోనా పగలబడి నవ్వింది. జెండా మాత్రం దించలేదు.

దాంతో నోరీన్ కొండ చాటున ఉన్న చిన్న రేవుకి మకాం మార్చింది. అక్కడ డబ్బా లేదు, సైరన్ లేదు, లైఫ్‌గార్డూ లేదు. మా ఊళ్లో సగంమంది అప్పటికే అక్కడ ఈదుతున్నారు. అడ్డుకునేవాడు లేడు, చూసేవాడూ లేడు.

మొన్న మంగళవారం నోరీన్‌ని అక్కడి ప్రవాహం లోపలికి లాగేసింది. అలల మీద ఆడుకుంటున్న ఒకాయన తన సర్ఫింగ్ బోర్డు మీద వేసుకుని ఒడ్డుకి తెచ్చాడు. నీళ్లు కక్కుతూ వణికిపోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాకు చచ్చేంత భయమేసింది. ఆ సమయానికి షోనా కొండకి ఇవతల, ఎవరూ లేని సముద్రానికి కాపలా కాస్తోంది.

ఆ సాయంత్రమే టీవీలో సొరచేపల అధికారిగారు వెలిగిపోతూ కనిపించారు. కార్విన్ బేలో ఈ వేసవి ఒక్కరినీ సొరచేప కొరకలేదట, పథకం నూటికి నూరుపాళ్లూ విజయవంతమట. నేను ఆగలేక ఆయన కార్యాలయానికి ఫోన్ చేసి నోరీన్ సంగతి చెప్పాను. అవతలి మనిషి ఎంతో మర్యాదగా విన్నాడు. మునిగిపోవడం వేరే శాఖ చూసుకుంటుందట.