రేవు దగ్గర బల్ల

అనుకున్నది చాలా చిన్న విషయం. మామూలు కంటే అరగంట ముందు ఇల్లు వదిలి, రేవు దగ్గర బల్ల మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాఫీ తాగాలి. ఆ తర్వాత ఆయన యథాప్రకారం లాంచీలో నది దాటి, అవతలి ఒడ్డున రైలందుకుని, రాజధానిలోని ఆఫీసుకు వెళ్ళాలి. పెళ్ళైన కొత్తలో, ఇంత దూరాన కాపురమా అని ఆవిడ వెనకాడినప్పుడు, రోజూ ఉదయం నది ఒడ్డున కూర్చుందామని ఆశపెట్టి ఒప్పించింది ఆయనే. ఇద్దరి జుట్టూ నెరిసింది గాని, ఆ ఉదయం మాత్రం రాలేదు.

"ఈసారీ రేపంటే ఫ్లాస్కు అటకెక్కిస్తాను," అంది ఆవిడ ముందురోజు సాయంత్రం.

"అక్కర్లేదు. రేపు ఖాయం."

పెద్దగుమాస్తా గారని ఊరంతా పిలిచే ఆ మనిషికి తన గురించి ఒక్క సంగతి మాత్రం తెలియదు. నల్ల గొడుగుతో ఆయన వీధి మలుపు తిరిగితే లాంచీ వేళ అయినట్టే. ఎండైనా వానైనా ఆ నడక మారి ఎరగదు గనుక, గడియారం చూసుకునే శ్రమ ఆ వీధివాళ్ళు ఎన్నడో మానుకున్నారు.

అందువల్ల ఆ ఉదయం గొడుగు మలుపు తిరగగానే సెలూన్‌లో కత్తి ఆగింది.

"గుమాస్తా గారు వెళ్ళిపోతున్నారు. లేవండి సార్," అన్నాడు సెలూన్ యజమాని.

"మరి రెండో చెంప?" అన్నాడు కుర్చీలోని బీమా ఏజెంటు.

"సాయంత్రం రండి. అదెక్కడికి పోతుంది?"

ఒక చెంప మీద నురగతో ఏజెంటు వీధిన పడ్డాడు. అది మేడ మీదినుంచి చూసిన టైపిస్టు తడిజుట్టుతోనే మెట్లు దిగింది. ఆమెను చూసి రొట్టెల దుకాణం ఆసామి, లాంచీకి పంపవలసిన రొట్టెలను సగం కాలకముందే పొయ్యిలోంచి లాగాడు. పరుగును మించిన అంటువ్యాధి లేదు.

రేవులో ఆవిడ అప్పుడే మొదటి కప్పు నింపింది.

"ఏవండీ, ఆ కొంగను చూడండి, ఎంత తీరిగ్గా..."

మాట పూర్తికాకముందే వెనకనుంచి జనం పోటెత్తారు. జనాన్ని చూసి లాంచీ నడిపే సరంగు ఇంజను వేశాడు. పెద్దగుమాస్తా గారు వాచీ చూసుకున్నారు. ఇంకా అరగంట ఉంది. చెవికి ఆనించుకున్నారు.

"నడుస్తోందా?"

"నడుస్తోంది. కానీ ఇంతమందీ పొరబడతారా?"

"పడితే పడనివ్వండి. మీరు కూర్చోండి."

కూర్చోబోయారు. లాంచీ హారన్ మోగింది. "రేపు తప్పకుండా," అంటూ ఆయన గొడుగుతో సహా జనంలో కలిశారు. ఆవిడ చెయ్యి ఇంకా కప్పు అందిస్తూనే ఉంది.

నది నడుమ బీమా ఏజెంటు నురగ తుడుచుకుంటూ అడిగాడు. "ఇవాళ రైలు ముందుగా వస్తుందని మీకెవరు చెప్పారండీ?"

"నాకెవరు చెబుతారు? మీరంతా పరిగెడుతున్నారని వచ్చాను."

"మీరు బయల్దేరారనే కదండీ మేం పరిగెత్తింది."

పెద్దగుమాస్తా గారు జనాన్ని తప్పించుకుంటూ సరంగు దగ్గరికి వెళ్ళారు.

"వెనక్కి తిప్పవయ్యా," అన్నారాయన సరంగుతో, బతిమాలుతున్నట్టు.

"తిప్పితే మళ్ళీ ఇటు రావడానికి డీజిలు చాలదండీ. మీ కాఫీ కోసం ఇంతమందికి రైలు పోగొట్టమంటారా?"

అవతలి ప్లాట్‌ఫారం మీద ఆయనకు కావలసినంత తీరిక దొరికింది. అక్కడా ఒక బల్ల ఉంది. పొగమంచు విడిపోయాక నదికి ఆవలగా ఆవిడ చిన్నగా కనిపించింది. తన కప్పు తాగింది, ఆయన కప్పూ తాగింది, ఫ్లాస్కు మూత బిగించి లేచింది. ఆయన గొడుగెత్తి ఊపారు. ఆవిడ చూడలేదో, చూసి ఊరుకుందో, అంత దూరంనుంచి తెలియలేదు.

సాయంత్రం వీధివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. "మిమ్మల్ని తప్పుపట్టడం కాదండీ," అన్నాడు సెలూన్ యజమాని. "ఇకమీదట మీ వేళకే బయల్దేరతానని మీరు ఒక్క మాట ఇస్తే పదిమందికీ మంచిది."

ఆయన లోపలికి చూశారు. ఆవిడ స్టూలెక్కి ఫ్లాస్కును అటక మీద సర్దుతోంది.

"ఇస్తారు లెండి," అంది వెనక్కి తిరక్కుండానే. "మాట ఇవ్వడంలో ఆయన ఎప్పుడూ లోటు చెయ్యలేదు."

ఆ మాటను మాత్రం ఆయన ఉద్యోగం ఉన్నంతకాలం నిలబెట్టుకున్నారు.