పెద్ద మేడమ్ త్వరణం

ఆ ఉదయం సైన్స్ టీచరు రోజూ కంటే ముందే లేచి, అద్దం ముందు నిలబడి పాఠమంతా తనకు తానే ఒకసారి చెప్పుకుంది. బలం, ద్రవ్యరాశి, త్వరణం. ఆ రోజు బడి ప్రధానోపాధ్యాయురాలు, అందరూ పెద్ద మేడమ్ అనే ఆవిడ, క్లాసులో కూర్చుని పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే మళ్ళీ ఇంటర్వ్యూల చుట్టూ తిరగడమే.

"బోర్డు మీద సూత్రం రాస్తే పిల్లలకేం ఎక్కుతుందండీ? చేసి చూపిస్తా," అంది చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్తతో.

"చూపించు. ఏమీ విరగ్గొట్టకు," అన్నాడాయన.

బడికి వెళ్ళగానే ఆఫీసు గదిలోంచి చక్రాలున్న కుర్చీలు రెండు తెప్పించింది. ఒకదాంట్లో పిచ్చుక అని పేరుపడ్డ బక్కపిల్ల కూర్చుంటుంది. రెండోదాంట్లో కొండలాంటి డ్రిల్లు మాస్టారు. రెంటినీ ఒకే బలంతో తోస్తే తేడా కళ్ళకు కడుతుంది. "ఓ, తప్పకుండా వస్తా," అన్న మాస్టారు మైదానంలో సున్నంతో గీతలు గీస్తూ ఆ సంగతే మరిచిపోయాడు.

పిచ్చుకను తోస్తే రయ్యిమని గోడదాకా పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూశారా? ద్రవ్యరాశి తక్కువ కాబట్టి త్వరణం ఎక్కువ. ఇప్పుడు బాగా బరువున్నవాళ్ళు కావాలి," అంటూ టీచరు మాస్టారి కోసం తలుపువైపు చూసింది. తలుపు పక్క బెంచీలో పెద్ద మేడమ్ ఉన్నారు. క్లాసు క్లాసంతా అటే తిరిగింది.

"అయ్యో, మిమ్మల్ని కాదు మేడమ్! మీరు మరీ అంత బరువుండరు," అని టీచరు నాలుక కరుచుకుంది.

"ఎంత బరువుండను?" అన్నారు పెద్ద మేడమ్ నింపాదిగా లేచి. "పర్లేదు. పాఠం ఆగకూడదు." వచ్చి కుర్చీ నిండుగా కూర్చున్నారు.

టీచరు అదే బలంతో తోసింది. కుర్చీ కిర్రుమని బెత్తెడు కదిలి ఆగింది. పాఠం అక్కడికి సరిపోయింది. కానీ "ద్రవ్యరాశి ఎక్కువ" అని ఆవిడ ఎదురుగా అనడానికి నోరు రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. టీచరుకు చెవులు వేడెక్కాయి.

"తప్పు నాదే మేడమ్, సరిగ్గా తొయ్యలేదు," అని పచ్చి అబద్ధమాడి, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకుని తోసింది.

ఈసారి కుర్చీ కదిలింది. తలుపు దాటింది. వరండా దాటి, సామాన్ల బండ్ల కోసం కట్టిన వాలు మీదికి దిగింది. టీచరు పరుగున వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుంది. కుర్చీ ఆగకపోగా ఆమెనే ఈడ్చుకుపోయింది.

"ఆపవే అమ్మాయ్!"

"ఆగట్లేదు మేడమ్!"

"తోసింది నువ్వేగా!"

మైదానంలోంచి డ్రిల్లు మాస్టారు ఇది చూశాడు. కుర్చీలో కళ్ళు మూసుకుని వెనక్కి వాలిన పెద్ద మేడమ్, వెనకాల ఒంటి చెప్పుతో ఏడుపు మొహంతో పరిగెడుతున్న టీచరు. ఆయన సున్నం డబ్బా పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్‌గారు పడిపోయారా? తప్పుకోండి టీచర్, నేను తోస్తా!"

"తొయ్యకండి, ఆపండి!"

"ఆపేదే లేదు! గేటు దగ్గర ఆటో ఎక్కించేదాకా ఆపను!"

గేటుకు దగ్గర దారి సమావేశాల హాల్లోంచే. అక్కడ తల్లిదండ్రులు మీటింగుకు వచ్చి కూర్చున్నారు. "తప్పుకోండి, మనిషి ప్రాణం!" అనే కేకతో కుర్చీ లోపలికి దూసుకొచ్చి వేదికకు కొట్టుకుని ఆగింది. ఒకాయన సీసాడు నీళ్ళు పెద్ద మేడమ్ మొహాన గుమ్మరించాడు. ఇంకొకాయన అంబులెన్సుకు ఫోను చేశాడు.

"నాకేం కాలేదు!" అని అరిచారు ఆవిడ.

"అలాగే అంటారు పాపం," అంది ఒక తల్లి, ఆవిడ అరికాళ్ళు రుద్దుతూ.

అంబులెన్సువాళ్ళు వచ్చి ఏం జరిగిందని అడిగారు. హాలంతా టీచరు వైపు చూసింది. "పాఠం... చెప్తున్నానండీ," అంది ఆమె, నేలలోకి కుంగిపోతే బాగుండునన్నట్టు.

ఇంటికెళ్తే భర్త అడిగాడు, "ఏమైనా విరిగిందా?"

"విరగలేదండీ. పోయింది. పరువు."

మర్నాడు టీచరు పెద్ద మేడమ్ గదిలో తల దించుకుని నిలబడింది. "క్షమించండి మేడమ్. మొదట నేను సరిగ్గానే తోశాను. మీ ముందు నిజం చెప్పడానికి సిగ్గేసి పిల్లలకి అబద్ధం చెప్పాను. ఇవాళే మానేస్తాను."

పెద్ద మేడమ్ సొరుగులోంచి జవాబు కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"నిన్న సాయంత్రం ఆ క్లాసుకి నేనే పరీక్ష పెట్టాను. ద్రవ్యరాశి ఎక్కువైతే కదపడం కష్టం, కదిలాక ఆపడమూ కష్టం అని ఒక్కరూ తప్పకుండా అందరూ రాశారు. ఉదాహరణతో సహా." ఆవిడ గొంతు సవరించుకున్నారు. "అందరిదీ ఒకటే ఉదాహరణ."

టీచరు తల ఇంకా దిగిపోయింది.

"నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నాను."

"పాఠం అంత బాగుందా మేడమ్?"

"బాగుండటం కాదు. నిన్ను బయటికి పంపిస్తే ఇంకో బడిలో కూడా ఇదే ఉదాహరణ చెప్తావు."

తర్వాతి పాఠం పీడనం. దాన్ని ఆమె మనుషుల జోలికి పోకుండా బోర్డు మీదే ముగించింది.