ఏటిబురుజు కోట వారసులు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా. చేతిలో ఫోను కాసేపు బోర్లించి పెట్టండి. ఏటిబురుజు కోట ఎన్ని చేతులు మారిందో, చివరికి ఎవరి పాలైందో చెబుతాను. చదువుకున్నవాళ్లు చెప్పే చరిత్రలో రాజులుంటారు. ఇందులో హుసేనమ్మ ఉంది. అంతే తేడా.

మాధవరం దాటి తుంగభద్ర ఒడ్డునే పోతే ఏటిబురుజు వస్తుంది. ఆ కోటను పూర్వం ఒక సామంతరాజు కట్టించాడు. ప్రజల రక్షణ కోసమే కట్టించాడు. ప్రజలను మాత్రం గోడకు అవతల ఉంచాడు. తర్వాత ఆదోని వైపు నుంచి ఒక సర్దారు వచ్చి, కోటకు అసలు హక్కుదారు తానేనని ఫిరంగులతో మర్యాదగా మనవి చేసుకున్నాడు. ఆ తర్వాత దొరలు వచ్చారు. వాళ్లకు మందుగుండు కూడా ఖర్చు కాలేదు, సంతకంతో సరిపోయింది. దొరలు పోయాక కోట సర్కారుదైంది. అంటే మనందరిదీ. అంటే ఎవరిదీ కాదు.

యజమానులు మారారు గాని ఊరి ఆచారం మారలేదు. ఏటిబురుజులో ఎవరు ఇల్లు కట్టినా అందులో ఒక కోటరాయి పడాలి. లేకపోతే ఆ ఇల్లు నిలవదట. అన్నదమ్ములు వేరుపడినా, గొర్రెలకు దొడ్డి వేసినా రాయి రావలసిందే. అట్లా ముహూర్తం చూసి, టెంకాయ కొట్టి, పరమ భక్తితో కోటను ఊరంతా పంచుకుంది. దీన్ని దొంగతనమన్నవాడికి కళ్లు పోతాయి. చివరికి ఏటివైపు ఒక్క గోడ మిగిలింది. దానికి ఆనుకుని హుసేనమ్మ కొట్టం ఉండబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

హుసేనమ్మ పుట్టకముందు తల్లి పీర్లకు మొక్కుకుంది, అందుకే ఆ పేరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి కోటగోడే ఆమె ఇంటికి వెనకగోడ. ఇంటి దూలాలు ఆ గోడలోకే దిగి ఉండేవి. ఏటా ఎర్రమన్ను, పేడ కలిపి గోడకు మెత్తేది. సందుల్లో మొలిచిన రావిమొక్కలు పీకేది. చరిత్ర కోసం కాదు, వానకు ఇల్లు కారకుండా.

ఇట్లుండగా కోటకు కొత్త వారసుడు పుట్టాడు. పేరు కోట పరిరక్షణ సమితి. దాని అధ్యక్షుడు మహేంద్ర ఎమ్మిగనూరులో మేడ కట్టినవాడు. ఆ మేడ మెట్లన్నీ కోటరాళ్లే గనుక ఆయనకు చరిత్రతో విడదీయరాని సంబంధం. రోజూ తొక్కుతూనే ఉంటాడు. కోట ఆక్రమణకు గురైందని సమితి తొలి సమావేశంలోనే కనిపెట్టింది.

"ఈ కోట మన తాతల సొత్తు! మన ఊపిరి! దీనిపై పేడచేతులు పడడం జాతికే అవమానం!" అని మహేంద్ర మైకులో గర్జించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ పేడచేతులు ఎవరివో తెలియక హుసేనమ్మ కూడా కొట్టింది.

మరునాడు సర్పంచు తిరుపాల్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"అవ్వా, ఇల్లు ఖాళీ చేయల్లంట."

"నేను యాడికి పోవల్లప్పా? మా ముసిలాయన నన్ను పెండ్లి చేసుకోని తెచ్చింది ఈడికే గదా."

"గుట్ట కింద జాగా ఇస్తాన్నారు. ఆడ బోరు గూడా ఏస్తారంట."

"నీళ్లు పడతాయా?"

"అది బోరుకు తెలియల్ల గాని నాకేం తెలుసు?"

"ఈ గోడా నేనూ ఒకరినొకరం ఆనుకోని ముసిలోళ్లమైనాము తిరుపాలూ. విడదీయొద్దని సెప్పప్పా."

"రాజులు కట్టిన గోడ నిన్ను ఆనుకోని ఉండాదా? ఎవురన్నా వింటే నవ్వుతారు, ఊరుకో అవ్వా!"

కొట్టం పీకారు. దూలాలు లాగేశారు. బొక్కలు కనబడకుండా సున్నం పూశారు. పక్కనే ఒక బోర్డు నాటి, షామియానా వేసి, ప్రారంభోత్సవం పెట్టుకున్నారు.

"ఎందరో రాజులను చూసిన ఈ గోడ, ఇంకా వెయ్యేళ్లు..." అని మహేంద్ర అంటుండగానే గోడ కూలింది.

దైవం మేలు చేసి ఎవరికీ దెబ్బ తగలలేదు. కోటను చూడవచ్చిన వాళ్లంతా ఉగ్గాని, బజ్జీల దగ్గర ఉన్నారు.

దుమ్ము అణిగాక మహేంద్ర మళ్లీ మైకు అందుకున్నాడు. "ఇకపై మన ప్రతి ఇల్లూ ఒక కోటే!" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు ట్రాక్టర్లు వచ్చాయి. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు వారసత్వాన్ని ఎత్తుకుపోయారు. పెద్ద రాళ్లు, భద్రత దృష్ట్యా, అధ్యక్షులవారి ప్రహరీ గోడకు చేరాయి.

చివరికి హుసేనమ్మ వంగి, గుమ్మడికాయంత రాయిని ఒళ్లోకి ఎత్తుకుంది.

"గుట్ట కింద కొట్టం ఏసుకోవల్ల గదప్పా. పునాదికి."

"పెట్టవ్వా కింద!" అని తిరుపాల్ కేకేశాడు. "సర్కారు ఆస్తి అది. కేసు అయితాది!"

హుసేనమ్మ రాయిని కింద పెట్టింది. ఎవరో కష్టపడి కట్టిన దాన్ని తాకినందుకు చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒట్టి చేతులతో గుట్టవైపు నడిచింది.

ఇది మనసులో పెట్టుకోండి నాయనా. మీ పిల్లలకు చెప్పండి. రాజుల పేర్లు మరిచినా తప్పులేదు, హుసేనమ్మ పేరు మరవద్దు. ఏ అరుగు మీద కూర్చుని చెప్పినా సరే, కూర్చునే ముందు ఆ అరుగురాయి ఎక్కడిదో ఒకసారి చూసుకోండి.