ఒక్క ఫ్యాను కోసం విండ్ టన్నెల్‌లో

గాలి ఊరికే దొరకడం మనుషులకు జరిగిన పెద్ద అన్యాయం. అవునండీ, తిట్టుకోండి, పరవాలేదు! పుట్టిన క్షణం నుంచి ముక్కు తెరుచుకుని పీల్చేయడమేనా? టోకెన్ తీసుకున్నామా? హెల్మెట్ పెట్టుకున్నామా? ఏమన్నా అయితే మీ బాధ్యత కాదని కాగితం రాసిచ్చామా? అందుకే మనకు గాలి విలువ తెలియకుండా పోయింది. నాకు తెలిసింది. యాభై మూడేళ్ల వయసులో, నేలకు మూడడుగుల ఎత్తున, పొట్ట కిందికీ గడ్డం పైకీ పెట్టుకుని తేలుతుండగా తెలిసింది.

విండ్ టన్నెల్ చూడని దురదృష్టవంతుల కోసం చెబుతున్నాను. నిలువుగా ఒక పెద్ద గాజు గొట్టం. అడుగున ఇనప తీగల వల. గదులంత ఫ్యాన్లు తిరిగితే ఆ వలలోంచి గాలి తుపానులా పైకి తన్నుకొస్తుంది. మీరు ఆ గాలి మీద బోర్లా పడుకోవాలి. అంతే! స్కైడైవింగ్ నేర్చుకునేవాళ్లు విమానం ఎక్కకముందు ఇక్కడ పడుకోవడం నేర్చుకుంటారు. పడుకోవడానికి కూడా శిక్షణా అని నవ్వకండి. నేనూ అలాగే నవ్వాను.

నాలాంటివాడికి అక్కడేం పని అంటారా? నేను ఒక పెద్ద లాండ్రీలో కార్మికుల ప్రతినిధిని. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు మా దగ్గరికే వస్తాయి. నా చదువు ఎనిమిదితో ఆగింది. మిగతాదంతా గేటు ముందు అరిచి నేర్చుకున్నాను. మైకు అక్కర్లేని గొంతు. సున్నితంగా మాట్లాడటం చేతకాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

మా ఇస్త్రీ గదిలో పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఉతికిన బట్టల మీద దుమ్ము పడుతుందని కిటికీలు తెరవనివ్వరు. ఆవిరి పోయే దారి లేదు. మధ్యాహ్నానికి గోడలకు కూడా చెమట పడుతుంది. వాళ్లందరిలోకీ పెద్దావిడను పెద్దక్క అంటాం. పోయిన నెల ఆవిడ సగం మడిచిన దుప్పటి మీదే సొమ్మసిల్లి పడిపోయింది. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. దుప్పటి కాలిందేమో చూశాడు. కాలలేదని తేలాక ఆవిడ మొహం చూశాడు. "ఇంకోసారి ఇలా పడితే ఇంటికి పంపించక తప్పదమ్మా" అన్నాడు. ఆవిడ జీతం మీద ఆవిడా, మంచాన పడ్డ మొగుడూ, చదువుకునే మనవరాలూ బతుకుతున్నారు.

అందుకని మేం అడిగింది ఒకే ఒక్క ఫ్యాను. వేడిని బయటికి లాగే గోడ ఫ్యాను.

మీటింగులో మేనేజరు తాపీగా, "ఫ్యాను పెడితే గాలికి దుప్పట్లు లేచిపోతాయి. మడత చెడుతుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బల్ల గుద్ది, "ఆ ఫ్యాను కోసం విమానంలోంచి దూకమన్నా దూకుతా!" అన్నాను.

మాటవరసకు అన్నానండీ! ముప్పై ఏళ్లలో ఇలాంటివి ఎన్ని అనలేదు? ప్రాణాలిస్తానన్నాను, ఇచ్చానా? నిప్పుల్లో నడుస్తానన్నాను, చెప్పులు కూడా విప్పలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి మాత్రం మేనేజరు గుమస్తా వైపు తిరిగి, "రాసుకో" అన్నాడు.

మీటింగులో ఎవరేమన్నా పొల్లుపోకుండా మినిట్స్ పుస్తకంలో రాయాలి, కింద ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఈ నియమం ఎవరు తెచ్చారనుకున్నారు? నేనే! దానికోసం గేటు ముందు తొమ్మిది రోజులు బైఠాయించాను.

"కంపెనీ నలభై ఏళ్ల వేడుక వస్తోంది కదా. కంపెనీ పేరున్న చొక్కా తొడుక్కుని దూకండి. ఫొటోలు తీయిద్దాం. మీరు దూకిన మర్నాడే ఫ్యాను. ఇదీ రాసుకో" అన్నాడు మేనేజరు.

సంతకం చేశాను. నా చెయ్యి వణికిందని కొందరు చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. పెన్ను మంచిది కాదు.

దూకే ముందు విండ్ టన్నెల్ శిక్షణ తప్పనిసరి అన్నారు. వెళ్లాను. కోచ్ ఇరవై అయిదేళ్లు కూడా నిండని అమ్మాయి. ఎగిరే సూటు తొడిగించి, నా పొట్ట మీద జిప్పు పైకి లాగడానికి రెండుసార్లు ఊపిరి బిగపట్టించింది.

"అంకుల్, లోపల మాటలు వినపడవు. అన్నీ సైగలే. రెండు వేళ్లు చాపితే కాళ్లు చాపండి. వేలు పైకి చూపిస్తే గడ్డం ఎత్తండి. చెయ్యి ఇలా ఊపితే ఒళ్లు వదిలేయండి."

"వదిలేయడమంటే?"

"బిగుసుకుపోకూడదు. గాలితో పోట్లాడకూడదు."

"అమ్మాయ్, ముగ్గురు మేనేజర్లను మార్పించినవాణ్ని. నాకు గాలి ఓ లెక్కా?"

ఆ అమ్మాయి నన్ను చెవుల్లో దూది పెట్టుకోమంది.

లోపలికి వాలాను. గాలి పట్టుకుంది. భయమేసినప్పుడు నాకు చేతనైనది ఒక్కటే: నోరు తెరిచి నినాదం ఇవ్వడం. నోరు తెరిచాను. గాలంతా నోట్లోకి దూరింది. బుగ్గలు రెండూ చెవుల దాకా సాగి టపటపా కొట్టుకున్నాయి. ముప్పై ఏళ్లుగా ఏ పోలీసూ మూయించలేని నోటిని గాలి ఒక్క క్షణంలో ఖాళీ సంచీ చేసేసింది!

అలవాటు ఊరుకుంటుందా? కుడి పిడికిలి పైకెత్తాను. ఒక చెయ్యి లేస్తే గాలి ఒళ్లంతటినీ తిప్పేస్తుందట. ఆ ముక్క నాకెవరు చెప్పారు? చెప్పే ఉంటారు, నేను విని ఉండను. గిర్రున తిరిగి వెళ్లి గాజు గోడకు మొహం అంటుకున్నాను. గోడ అవతల బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న కుటుంబం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా తర్వాత వెళ్లిన డెబ్బై ఏళ్ల ముసలావిడ నీళ్ల మీద ఆకులా హాయిగా తేలింది. నేను చూడలేదు. చెప్పులు వెతుక్కుంటున్నాను.

రెండో రోజు అలిసిపోయి, పోట్లాడే ఓపిక లేక, ఒళ్లు వదిలేశాను. తేలిపోయాను! అయ్యలారా, అమ్మలారా, ఏం చెప్పను! మోకాళ్ల నొప్పి లేదు, అప్పటి దాకా మోసిన బరువు లేదు, మినిట్స్ పుస్తకం లేదు. నిమిషం అయిపోయిందని ఆ అమ్మాయి కాలు పట్టుకుని బయటికి లాగితే ఏడుపొచ్చింది.

బయటికొచ్చి, "అంత పెద్ద మోటార్లు వేడెక్కవా అమ్మాయ్?" అని అడిగాను.

"వాటిని చల్లబరచడానికి వేరే ఏర్పాటుంది అంకుల్. కాస్త వేడెక్కినా అలారం మోగుతుంది. వెంటనే ఆపేసి రెస్ట్ ఇస్తాం. మోటార్లను అస్సలు ఇబ్బంది పెట్టం."

ఎంత గొప్ప సంస్థ! అప్పటికప్పుడే చేతులెత్తి దండం పెట్టాను. అక్కడ నాకు తట్టాల్సిన ఇంకో మాట ఉంది. తట్టలేదు. మళ్లీ ఎప్పుడు ఎగరాలా అని ఆలోచిస్తున్నాను.

మర్నాడు ఇస్త్రీ గదిలో అందరినీ పిలిచి, బల్ల మీది దుప్పట్లు పక్కకు జరిపి, బోర్లా పడుకుని చూపించాను. గడ్డం ఇలా! కాళ్లు ఇలా! బల్ల ఇంకా వేడిగానే ఉందని పొట్ట ఆనించాక తెలిసింది. అయినా కదల్లేదు, శిక్షణ పొందినవాణ్ని.

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ చూసింది. "ఫ్యాను సంగతి ఏమైంది తమ్ముడూ?"

"వస్తోందక్కా. ముందిది నేర్చుకో. గాలితో పోట్లాడకూడదు."

"ఉంటే కదయ్యా పోట్లాడటానికి!"

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నేను గమనించాను. గమనించి, తేదీ దగ్గర పడింది కదా అనుకుని టన్నెల్‌కు వెళ్లిపోయాను.

ఆ వారమే టన్నెల్‌లో తీసిన నా ఫొటో ఒకటి మేనేజరు గది బయట వెలిసింది. ఉబ్బిన బుగ్గలు, మూతపడని నోరు. కింద "మా కార్మికులు గాల్లో తేలుతున్నారు" అని రాయించాడు.

దూకే రోజు వచ్చింది. చొక్కా తొడుక్కుని విమానాల మైదానానికి వెళ్లాను. గాలి ఎక్కువగా ఉంది, దూకడం క్షేమం కాదు, వాతావరణం అనుకూలించాక రండి అన్నారు. మనిషి ప్రాణం మీద ఎంత శ్రద్ధ! వారం తర్వాత మళ్లీ వెళ్లాను. గాలి తగ్గలేదు. మూడోసారీ అంతే. దూకలేదు కాబట్టి ఫ్యాను లేదు. రాసిన రాతకు కట్టుబడాలి కదా, సంతకం నాదే!

మూడోసారి మాత్రం సిగ్గేసింది. మైదానంలో నిలబడే పెద్దక్కకు ఫోన్ చేశాను. అవతల హోరున గాలి చప్పుడు.

"ఎక్కడున్నావక్కా?"

"బయట. బట్టల తోపుడుబండి మీద కూర్చున్నా. అందరం ఇక్కడే ఉన్నాం."

"మరి పని?"

"ఇస్త్రీ పెట్టెలు ఆపేసి వచ్చాం. గాలి ఎక్కువైందని నిన్ను దూకనివ్వడం లేదట కదా? లోపల గాలి తక్కువైందని మేం ఇస్త్రీ చేయడం లేదు. రెండూ క్షేమం కోసమే కదా!"

"మేనేజరు ఏమన్నాడు?"

"ఎప్పుడొస్తారమ్మా అని అడిగాడు. వాతావరణం అనుకూలించాక వస్తామన్నాం."

"నినాదాలిస్తున్నారా? నేను వచ్చేదాకా ఆగండి!"

"అరవడానికి ఓపికెక్కడిది తమ్ముడూ? ఊరికే కూర్చున్నాం. గాలి బావుంది. నువ్వు నిదానంగా రా."

నిదానంగా వెళ్లానా? ఆ చొక్కాతోనే, హెల్మెట్ కూడా తీయకుండా పరుగెత్తాను. నేను చేరేసరికి హోటల్ వాళ్ల వ్యాను దుప్పట్ల కోసం ఎదురుచూస్తోంది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ఉన్నాడు. గోడకు గుండ్రంగా కన్నం పడింది. సాయంత్రానికి ఫ్యాను తిరిగింది. ఒక్క దుప్పటీ లేచిపోలేదు. మినిట్స్ పుస్తకం ఎవరూ తెరవలేదు. పెద్దక్క ఆ ఫ్యాను కింది బల్లకు మారింది. నా వైపు చూసి, "ఆ టోపీ తీసెయ్, చెమట పడుతోంది" అంది.

కాబట్టి ఆలోచించి, అనుభవంతో చెబుతున్నాను: విండ్ టన్నెల్ కార్మికలోకానికి దొరికిన వరం. కార్మికులను అందులోకి పంపి డబ్బు తగలేయకండి. నాలాంటి నాయకులను పంపండి. పొద్దున్నే లోపల పెట్టి, ఫ్యాన్లు వేసి, బయట గడియ పెట్టేయండి. మేం గడ్డం ఎత్తుకుని, నోరు పనిచేయక, హాయిగా తేలుతూ ఉంటాం. సాయంత్రానికి బయట పనులన్నీ అయిపోతాయి.