తెరచాప మీద గురునాథరావు

విశాఖపట్నంలో ఉక్కు తయారు కాకముందే కళాభిమానం తయారై సిద్ధంగా ఉందని పాఠకులకు సంతోషంతో తెలియజేస్తున్నాను. ఎనభై రెండు, ఎనభై మూడు ప్రాంతాల్లో ఏ ఆఫీసరు ఇంటికి వెళ్లినా ముందుగది షోకేసులో ఎల్లారావు పింగాణీ కనిపించేది. ఎల్లారావు భీమిలిలో బట్టీ పెట్టుకున్న చిత్రకారుడు. కూజాలు, పళ్లేలు తనే చేసి, తనే బొమ్మలు వేసి, తనే కాల్చేవాడు. కొన్నవాళ్లెవరూ వాటిలో అన్నం తినలేదు. పింగాణీలో తింటే మడి పోతుంది, షోకేసులో పెడితే పరువు పెరుగుతుంది.

అయితే మనవాళ్లకు ఏ గిన్నె కొన్నా దాని మీద పేరు కొట్టించందే నిద్ర పట్టదు కదా. స్టీలుకున్న గౌరవం పింగాణీకి మాత్రం ఎందుకుండకూడదని, ఎల్లారావు సరుకంతా బజారులో గిన్నెల మీద పేర్లు కొట్టే సన్యాసిరాజు దగ్గరికి మోసుకెళ్లారు. మొదట్లో ఉలి దెబ్బకు కొన్ని పగిలాయి. అవి కళ కోసం ప్రాణాలర్పించాయని సరిపెట్టుకున్నారు. తర్వాత అతను కరెంటు మిషను తెచ్చాడు.

వీళ్లందరిలో పెద్ద కళాపోషకుడు గురునాథరావుగారు. రాజమండ్రి వైపు నుంచి పెద్ద ఉద్యోగం మీద వచ్చినవారు. ఆయన దగ్గరున్న పళ్లెం అలాంటిలాంటిది కాదు. తెల్లవారుజామున వేటకు బయల్దేరే పడవ, దానికి తెల్లటి తెరచాప, చుట్టూ సముద్రం. ఆ నీలిరంగు ఎల్లారావు బట్టీలో మళ్లీ ఎన్నడూ రాలేదు.

అంతలో మద్రాసులో ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి వచ్చినవారికి ఒక కళాశాలలో మేష్టరు ఉద్యోగం ఇస్తామన్నారు. భార్య నూకాలు ఎండుచేపలమ్మి నడుపుతున్న సంసారం ఎల్లారావుది. అతను పరుగున వచ్చి, పళ్లెం ఒక్క నెల అప్పివ్వమని అడిగాడు. గురునాథరావుగారి భార్య వెంకటరమణమ్మగారు దాన్ని తెచ్చి చూపించారు.

తెరచాపకు అడ్డంగా ‘గురునాథరావు, బి.ఇ.’ అని ఉంది.

"అమ్మా, తెరసాప మీద కొట్టించీసినారేటండి?" అన్నాడు ఎల్లారావు.

"అక్కడే కదయ్యా ఖాళీ ఉంది! పేరు లేకపోతే పేరంటాల్లో గిన్నెలు కలిసిపోవూ?" అన్నారావిడ.

వేరే దారిలేక పళ్లెం అలాగే మద్రాసు వెళ్లింది. న్యాయనిర్ణేతలు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ప్రశాంతమైన సముద్రం మధ్య తన పేరును, చదువుతో సహా, ఇంత మొరటుగా చెక్కుకున్న కళాకారుడి తెగువ భారతదేశంలో అపూర్వమని రాశారు. మొదటి బహుమతి గురునాథరావుగారికి వచ్చింది. ఆయన కాదనలేదు. పెద్దలిచ్చినదాన్ని కాదనడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు లేదు.

ఊళ్లో సన్మానం ఘనంగా జరిగింది. "చేసినవాడు ఒక్కసారే చేస్తాడు. కొన్నవాడు రోజూ తుడిపించాలి. ఇందులో ఏది కష్టమో మీరే ఆలోచించండి!" అన్నారు గురునాథరావుగారు. సభ ఆలోచించి చప్పట్లు కొట్టింది.

వెనక వరసలోంచి ఎల్లారావు లేచాడు. "ఆ పళ్లెం నాను సేసినానండి. ఎనకాల నా పేరుందండి, తిప్పి సూడండి."

అధ్యక్షులవారు తిప్పి చూశారు. నిజంగానే ఉంది. "ఇది కంపెనీ పేరనుకున్నాం. అడుగున కంపెనీ పేరే కదయ్యా ఉంటుంది? కూర్చో," అన్నారు దయగా. అతను కూర్చున్నాడు. నాకు కడుపు మండింది గాని, అప్పటికే దండలు తెచ్చేశారు.

ఆఫీసు బాధ్యతల వల్ల మేష్టరు ఉద్యోగం తీసుకోలేనని చెప్పిన గురునాథరావుగారు, ఉదారబుద్ధితో ఎల్లారావు గురించి కళాశాలకు నాలుగు మంచి ముక్కలు రాశారు. ఆ సిఫారసు వృథా కాలేదు.

"ఏటి మావా, ఉజ్జోగం వొచ్చీసిందా?" అంది నూకాలు, అతను భీమిలిలో బస్సు దిగగానే.

"వొచ్చీసిందే. పిల్లలకి మట్టి తొక్కిపెట్టాలట."

నూకాలు చేపల బుట్ట నెత్తికెత్తుకుని ముందు నడిచింది.

చదువరులకు కోపం వస్తోందని తెలుసు. అన్యాయం అంటున్నారు. అనండి. ఒకసారి మీ వంటింట్లోకి వెళ్లి, చెంబులూ పళ్లేలూ అన్నీ తీసి చూడండి. కొన్నవాళ్ల పేర్లుంటాయి, పెళ్లికి చదివించినవాళ్ల పేర్లుంటాయి, వాళ్ల ఊరూ ఉద్యోగమూ ఉంటాయి. చేసినవాడి పేరు ఒక్కటి కనిపిస్తే నాకో కార్డు ముక్క రాయండి.