మూడో తరగతి విద్యార్థిని చంద్రకళ టీచరు

చదువు ఎక్కని పిల్లల్ని గుర్తించాలంటే మొట్టమొదట చేయాల్సిన పని, వాళ్ళ వైపు చూడటం మానేయడం!

కోప్పడకండి. పిల్లల మొహం చూసి, మాట విని, పలక మీద రాత చూసి ఇబ్బంది ఎక్కడుందో పట్టుకోవడం పాతకాలపు మోటు పద్ధతి. అందులో టీచరుకు జాలి కలిగే ప్రమాదముంది. జాలిని అప్‌లోడ్ చేయగలమా? అందుకే బడులకు ‘కనుగొను’ అనే యాప్ వచ్చింది. అదెంత గొప్ప వరమో నాతో పాటు రేపల్లె పక్కన ఒక ఊరి బడికి వస్తే మీకే తెలుస్తుంది.

అక్కడ చంద్రకళ టీచరు మూడో తరగతికి పాఠాలు చెబుతారు. బడి తెరిచిన వారంలోనే ఆమెకు ఒక సంగతి అర్థమైపోయింది. భవ్య అనే పాపకు చెవులు సరిగా వినపడవు. పిలిస్తే పక్కపిల్ల మొహం చూస్తుంది. అందరూ ఎక్కాలు అప్పజెబుతుంటే పెదాలు మాత్రం కదుపుతుంది. వాళ్ళమ్మేమో, “దానికి చదువు ఎక్కట్లేదండి. వచ్చే ఏడు మానిపించేసి నాతో పాటు తోట పనికి తీసుకుపోతా” అని తేల్చేసింది.

టీచరుకు అర్థమైతే సరిపోతుందా? యాప్‌కు అర్థం కావద్దూ!

టీచరు ఫోను పట్టుకుని, “భవ్యా, ఇటు చూడమ్మా” అన్నారు. వినడానికి కష్టపడే పిల్ల కదా, పిలిచిన ప్రతిసారీ మొహానికి బదులు చెవి తిప్పింది. యాప్‌కు చెవితో పనిలేదు, మొహం కావాలి. చివరికి టీచరే పాప పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని తిప్పి, సెల్ఫీ తీశారు. యాప్ రెండు మొహాలనూ చూసింది. స్పష్టంగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

“అభినందనలు! అవరోధం గల విద్యార్థిని గుర్తించబడినది. పేరు చంద్రకళ. తరగతి మూడు. ఫొటోను బట్టి వయసు నలభై ఆరు. వయసుకు తగిన తరగతిలో లేదు. తీవ్ర వెనుకబాటు!”

“నలభై ఆరేంటి? నలభై ఒకటే!” అన్నారు టీచరు పైకే. మిగతా విషయం మీద ఆమె దృష్టి తర్వాత పడింది.

తెనాలిలో ఆ యాప్ మీద శిక్షణ జరుగుతుంటే వెళ్ళి, శిక్షకుడు హనుమాన్‌ప్రసాద్ గారిని మెట్ల మీదే పట్టుకున్నారు.

“నా పేరు తీసేసి ఆ పాప పేరు పెట్టండి సార్.”

“తీసేస్తే గుర్తింపు శాతం పడిపోద్దండి.”

“పోనీ పాపని కొత్తగా చేర్చండి.”

“తరగతికి ఒకళ్ళేనండి. మీ తరగతిలో ఆల్రెడీ మీరున్నారు గదా!”

“నాకే ఇబ్బందీ లేదు సార్!”

ఆయన ఆమె వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు. “ఒప్పుకోకపోవడమే మొదటి లక్షణమండి. స్లైడులో ఉంది.”

పాపని ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడా యాప్ ఇచ్చిన నంబరు అడిగారు. నంబరు టీచరుకే ఉంది మరి!

ఇక సేవలు చూడండి, ఎంత చకచకా వచ్చాయో! ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో తిరిగే ప్రభుదాస్ మాస్టారు మర్నాటి నుంచే బడికి వచ్చి చంద్రకళ టీచరు ముందు పూసల డబ్బా పెట్టాడు.

“గుచ్చండి మేడమ్. ఫొటో పెట్టకపోతే నా జీతం ఆగుద్ది.”

“ఎర్రదా, పచ్చదా?”

“మీ ఇష్టమండి. పిల్లల్ని బలవంతపెట్టకూడదు.”

టీచరు ముందు వరసలో చాప మీద కూర్చుని పూసలు గుచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఆమె కంచంలో అదనంగా ఒక గుడ్డు పడింది. సంరక్షకుడి హోదాలో ఆమె భర్త రవిశంకర్‌కు మెసేజ్ వెళ్ళింది: “మీ పాప ఈ వారం పూసలు చక్కగా గుచ్చినది. ప్రోత్సహించండి.” ఆయన ఇంటికొస్తూ చాక్లెట్ తెచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పనిని ఒకరు గమనించి మెచ్చుకోవడం అదే మొదలు. యాప్ వరం కాదని ఇప్పుడెవరైనా అనగలరా?

వెనక వరసలో భవ్య మాత్రం పెదాలు కదుపుతూనే ఉంది.

అప్పుడు బాపట్లలో చెవి పరీక్షల శిబిరం అని కబురొచ్చింది. వినికిడి తగ్గినంత మేరకు చెవి మిషను సరిచేసి అక్కడికక్కడే ఇస్తారు. పిలుపు వచ్చింది చంద్రకళకు.

“పాపని నాకు తోడుగా తీసుకెళ్ళొచ్చా మాస్టారూ?”

ప్రభుదాస్ పూసల డబ్బా మూత పెట్టాడు. “నేనేం చూళ్ళేదండి.”

వారమంతా టీచరు, పాప ఒక ఆట ఆడారు. టీచరు వెనక నుంచి కంచం మీద గరిటెతో కొట్టాలి. వినపడితే పాప ఆమె చిటికెనవేలు నొక్కాలి.

బాపట్లలో చిన్న గది. తలుపు మూశారు. మూడో తరగతి విద్యార్థి కాబట్టి హెడ్‌ఫోన్లు పెట్టలేదు. గోడకున్న స్పీకర్లలోంచి శబ్దాలు వస్తాయి. అద్దం అవతలి అమ్మాయి నిబంధన ప్రకారం చదివింది: “శబ్దం వినపడగానే చెయ్యెత్తాలి పాపా.”

“అలాగే మేడమ్” అన్నారు చంద్రకళ టీచరు. భవ్య ఆమె ఒళ్ళో కూర్చుంది. చిటికెనవేలు పాప పిడికిట్లో ఉంది.

మొదటి శబ్దం. పిచ్చుక కూతంత సన్నగా. టీచరుకు శుభ్రంగా వినపడింది. వేలు మీద నొక్కు పడలేదు. చెయ్యి ఎత్తలేదు.

ఇంకొంచెం పెద్దగా. నొక్కు లేదు.

ఇంకా పెద్దగా, బండి హారన్ లాగా. చెయ్యి తనంతట తనే లేవబోయింది. ఆమె ఆపుకున్నారు. తన గొంతు ఇంతకంటే పెద్దదేం కాదు. జూన్ నుంచి తను చెప్పిన పాఠాల్లో ఈ పిల్లకు అందిందెంత? కళ్ళు మసకబారాయి. సరిగ్గా అప్పుడు చిన్న వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి.

చంద్రకళ టీచరు చెయ్యెత్తారు.

పరీక్ష ముగిసింది. మిషను సిద్ధమైంది. చెవిలో పెట్టుకునే రబ్బరు మొన దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

“బాగా చిన్నది ఇవ్వండి.”

“మీ చెవికి సరిపోదండి.”

“నేను ఇంకా మూడో తరగతేనమ్మా. పెరుగుతానులే!”

సోమవారం ఆ మిషను భవ్య చెవిలో ఉంది. టీచరు వెనక నుంచి, మామూలు గొంతుతో “భవ్యా” అన్నారు. పాప గిరుక్కున తిరిగింది. టీచరు బోర్డు వైపు నడిచి, సుద్దముక్క తీసుకున్నారు.

ఫోను మోగింది. గుడ్ల ఫొటో పెట్టమని. ఫొటో పెట్టి సుద్దముక్క అందుకోగానే మళ్ళీ మోగింది, మరుగుదొడ్ల ఫొటో కోసం. ఆ తర్వాత హాజరు. ఆ తర్వాత, విద్యార్థిని చంద్రకళ ప్రగతిని వెంటనే నమోదు చేయాలని. బోర్డు మీద తారీఖు తప్ప ఇంకేమీ పడకుండానే బెల్లు కొట్టారు.

భవ్య మిషను తడుముకుంటూ టీచరు కొంగు పట్టుకుంది.

“టీచర్, ఫోను రోజూ ఇట్టాగే మోగుద్దా?”

“ఆ... రోజూ ఇంతేనమ్మా.”

పాప తారీఖు ఒక్కటే ఉన్న బోర్డు వైపు చూసింది.

“అయితే ఇన్నాళ్ళూ అందరూ విని, నేను విననిది ఇదేనా టీచర్?”