కూలర్ ముందు కుండ మొక్క

నవ్వనంటేనే చెప్తాను. కోదాడలో మా దోస్తు సాంసన్ ఇంట్లో ఒక మొక్కను చూశాను. ఆకు చివర తీగ, తీగ చివర బుల్లి కుండ, దానికో మూత! ఈగ అంచు మీద వాలింది, జారింది, ఖతం! నా ఒళ్లు పులకరించింది. బతిమాలి ఒక మొక్కను మిర్యాలగూడ తెచ్చుకున్నాను.

దానికి తేమగాలి కావాలట. ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌నూ దానివైపు తిప్పాను.

"మరి నేను?" అంది మా ఆవిడ సుమిత్ర, చెమట తుడుచుకుంటూ.

"అది పసిది సుమిత్రా!"

"నేనేమన్న తాటిమొద్దునా?"

ఫిల్టర్ నీళ్లు కూడా మొక్కకే పోస్తుంటే ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "నెలరోజులు సూస్త. కొత్త కుండ వస్తే కూలర్ దానిది. రాకుంటే కూలర్ నాది, మొక్క గూడ నాదే!"

ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. కొత్తది రాలేదు సరికదా, ఉన్న రెండు కుండలూ ఎండిపోయాయి. ముప్పయ్యో రోజు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. సాంసన్ కాళ్లావేళ్లా పడి ఒక ఎర్రటి కుండ కోయించుకుని, టిఫిన్ డబ్బాలో తెచ్చి, ఆకుపచ్చ దారంతో ఆకుకు కట్టేశాను.

"సుమిత్రా! వచ్చింది! ఉరికి రా!"

"అబ్బ! ఒక్కపూటల గింత పెద్దగనా?"

"కూలర్ మహిమ!"

ఆమె ఊరుకుంటేగా! వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచింది. నేను ఉత్సాహంగా ఉపన్యాసం అందుకున్నాను. పక్కింటి శోభారాణి "లోపల ఏముందన్నా?" అంటూ కుండను వంచింది. అంతే! కుండ ఊడింది. అందులోని నీళ్లూ, చచ్చిన ఈగలూ నా తెల్లచొక్కా మీదికి దూకాయి.

"అక్కా, గిది దారమే!" అంది శోభారాణి.

"తెలుసు," అంది సుమిత్ర తాపీగా. "కుండ జాగ్రత్తగా చేరిందా వదినా అని సాంసనన్న భార్య ఇందాకనే ఫోన్ జేసింది. అందుకే అందర్ని పిలిస్తి."

కూలర్ ఆమె వైపు తిరిగింది. మొక్క స్నానాలగది కిటికీకి ఎక్కింది.

వానలు పడ్డాక ఒక పొద్దున ఒంటినిండా సబ్బుతో కిటికీ వైపు చూశాను. బొటనవేలంత కుండ, అప్పుడే మూత తెరిచింది! తువ్వాలు చుట్టుకుని అరుస్తూ బయటికి పరుగెత్తాను.

సుమిత్ర వచ్చి చూసి మురిసిపోయింది. తర్వాత నా సబ్బు నురగ వంక చూసింది.

"గీ నురగ దానికి పడదు. ఇగ నువ్వు పెరట్ల నల్లా కాడ తానం చెయ్యి."

చేస్తున్నాను. రోజూ గోడ అవతలి నుంచి శోభారాణి అరుస్తుంది: "అన్నా, కుండ ఎంతయింది?"

నేను నురగ చేతులతోనే సంబరంగా కొలత చూపిస్తుంటాను.